బయటి పుంజు

"ఇసోగాయ్ గారూ, మీరే చెప్పండి. ఇన్నేళ్లలో మన మందలోకి బయటి కోడి ఎప్పుడైనా వచ్చిందా?"

ప్రొఫెసర్ కురాహాషి తెలుసుకోవాలని ఈ మాట అడగలేదు. పక్కన తల వంచుకుని నిలబడ్డ అమ్మాయికి వినిపించాలని అడిగాడు. ప్రయోగశాల కోళ్లని సాకే ఇసోగాయ్ కినుయే ఆయన బల్ల ముందు, వచ్చేపోయేవాళ్ల కోసం ఉంచిన చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది. కోళ్ల షెడ్డు నుంచి మూడో అంతస్తుకి రావాలంటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలని అక్కడి నియమం. పిలిచిన పావుగంటలో వచ్చేసరికి ఆమె జుట్టు ఇంకా మెడ మీద నీళ్లు కారుస్తూనే ఉంది.

"రాలేదండీ" అంది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం తొమ్మిదేళ్ల కిందటే అతికి, ఆరి, గోడలో కలిసిపోయింది. అందుకని గొంతు వణకలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు వేరే ఉంటారు, కినుయే ఆ రకం కాదు.

"విన్నావుగా హిగాకీ" అన్నాడు ప్రొఫెసర్.

"విన్నానండీ సెన్సేయ్" అంది ఆ అమ్మాయి. అక్కడ గురువుని పిలిచే మాట అది.

ఆయన వెనక గోడకి అద్దాల చట్రంలో ఒక పటం ఉంది. పొడుగాటి గీత మీద ఒక నల్ల గడి, దాని వెనక వరసగా పాతిక తెల్ల గడులు. రోగం వచ్చినప్పుడు కోడి ఒంట్లో తయారయ్యే విరుగుడు, అదే ప్రతిరక్షకం, దాని జన్యువు పటం అది. పందొమ్మిదేళ్ల కిందట ఈ మంద నుంచే, తన చేత్తోనే ఆయన గీశాడు. ఆయన పేరు బయట తెలిసింది కూడా ఈ పటంతోనే. హిగాకి అనే ఈ ఇరవయ్యేడేళ్ల అమ్మాయి నాలుగేళ్లుగా ఆ పటం మీదే డాక్టరేటు కోసం పనిచేస్తోంది. పదకొండు కోడిపిల్లల్లో ఆ పాతిక గడుల్లో దేనికీ చెందని ముక్క ఒకటి కనబడిందని పోయిన వారం చెప్పింది. అక్కడ మొదలైంది గొడవ.

"మంద స్వచ్ఛమైనది. పటం సరైనది. మరి లేని ముక్క ఎక్కణ్నుంచి వస్తుంది? నీ చేతుల్లోంచి వస్తుంది. గొట్టాలు కలుషితం చేసుకుని, కొత్తది కనిపెట్టానని పరిగెత్తుకొచ్చావు." ఆయన కేకలెయ్యలేదు. ఆయన ఎప్పుడూ కేకలెయ్యడు, అదే పెద్ద భయం. "నమూనాలన్నీ పారెయ్. పొరపాటు నాదేనని పత్రం రాసి ముద్ర వేసి ఇయ్యి. నీ సిద్ధాంతగ్రంథం మీద నేను ముద్ర వెయ్యలేను."

మార్చి ఆఖరికి ఆయన రిటైరవుతాడు. దాంతో ఈ ప్రయోగశాల మూతపడుతుంది. అంటే ఈ నెల ముద్ర పడకపోతే ఆ అమ్మాయికి ఇక ఎప్పటికీ పడదు. ఇది ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"ఇసోగాయ్ గారూ, వచ్చే సోమవారం సంరక్షణ కేంద్రం నుంచి నిషిగోరి గారు వస్తారు. ఎనభై మూడు కోళ్లనీ తీసుకుంటామంటున్నారు. కాగితాలు సర్దిపెట్టండి."

"అలాగేనండీ."

ఆ కేంద్రం వాళ్లు తీసుకునేది మచ్చలేని వంశాన్నే. తీసుకోకపోతే, ప్రయోగశాల మూసేనాడు మందని ఏం చేస్తారో కినుయేకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పనులు చేసేది ఆమే.

ఆమె మెట్లు దిగుతుంటే వెనక గొట్టాల పెట్టెలు సంచిలోకి బోర్లించిన చప్పుడు వినబడింది.

మధ్యాహ్నం కినుయే దాణా తొట్లు కడుగుతుంటే షెడ్డు గుమ్మం దగ్గర హిగాకి కనబడింది. క్రిములు చావడానికి పెట్టిన సున్నపు పళ్లెంలో బూట్లు ముంచి, లోపలికొచ్చి, చేతులు రెండూ తొడలకి ఆనించి నడుం దాకా వంగింది.

"మీ కోళ్లని అనుమానించాను ఇసోగాయ్ గారూ. ముందు మీకు చెప్పుకోవాల్సింది. క్షమించండి."

వంగిన మనిషి లేవలేదు. కినుయే చేతిలో కుంచె పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. క్షమాపణ కోరాల్సిన వాళ్లు నిలువుగా, కోరించుకోవాల్సిన వాళ్లు వంగి ఉంటే చూడ్డానికి ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆమెకి పూర్తిగా తెలిసింది. సిగ్గేసింది.

"లే, లే. కోళ్లకేం తెలుస్తుంది అనుమానించారని. నడుం పట్టేస్తుంది, లే" అంది.

"పైన నాకిక పనేం లేదు. పత్రం రాయడానికి శుక్రవారం దాకా టైమిచ్చారు. ఈ నాలుగు రోజులూ ఇక్కడ కడగనా?"

"పీహెచ్‌డీ పిల్లవి, పెంట ఎత్తుతావా?"

"నా చేతులు మురికివని తేలిపోయిందిగా" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మంగళవారం పొద్దున్న ఏడింటికల్లా వచ్చింది. కినుయే ఆమెకి పొడుగు బూట్లు, తలగుడ్డ ఇచ్చింది. ఇద్దరూ కలిసి పంజరాల కింద పళ్లేలు లాగి గీకారు, నీళ్ల గొట్టాల మొనలు ఒక్కొక్కటీ నొక్కి చూశారు, రెక్కలకున్న సత్తు బిళ్లల మీది నంబర్లు చదివి చీటీలతో సరిచూశారు. హిగాకి కోడిని పట్టుకోవడం చూసి కినుయే ఆగలేకపోయింది.

"అలా కాదు తల్లీ, కాళ్లు పట్టుకుని వేలాడదియ్యకు. అరచెయ్యి రొమ్ము కింద పెట్టు. వేళ్ల మధ్య కాళ్లు దూర్చు. ఇప్పుడు నీ ఒంటికి ఆనించుకో. చూశావా, ఊరుకుంది."

"నాలుగేళ్లు మీ కోళ్ల మీద పనిచేశాను. సరిగ్గా పట్టుకోవడం ఇవాళే."

"మీకు కావాల్సింది కోడి కాదుగా. తోక కింద ఉసిరికాయంత సంచి. అది కోసిచ్చేస్తే పైకి పట్టుకుపోతారు."

పదింటికి షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని టీ తాగారు. కింద కొండవాలు నిండా నారింజ తోటలు, వాటి కింద సముద్రం, దీవుల మధ్య తిరిగే పడవ. చలిగాలికి టీ రెండు గుక్కల్లోనే చల్లారిపోయింది.

"ఆ సంచిలో ఏం చూస్తారసలు? ముప్ఫై ఒక్క ఏళ్లు కోసిచ్చాను, ఒక్కరూ చెప్పలేదు" అంది కినుయే.

హిగాకి చుట్టూ చూసి, కినుయే తొడుక్కున్న పని కోటు మోచేతి అతుకు మీద వేలు పెట్టింది.

"ఇదిగో ఇదే. కోడికి తొడుక్కోవడానికి పనికొచ్చే కోటు ఒక్కటే ఉందనుకోండి. ప్రతిరక్షకం తయారుచేసే జన్యువు ఆ ఒక్కటే. మనుషులకి అలాంటివి బోలెడుంటాయి, కలిపి కుట్టుకుంటారు. కోడికి ఒక్కటే. దాని వెనక పాతిక చిరుగు కోట్లు దండెం మీద వరసగా వేలాడుతుంటాయి. చేతులుండవు, కాలరుండదు, ఒక్కటీ తొడుక్కోవడానికి పనికిరాదు. కానీ గుడ్డ మంచిది."

"అతుకులకి పనికొస్తుంది."

"అంతే! ఆ సంచిలో ఒక్కో కణం ఆ మంచి కోటు మీద రకరకాల అతుకులు వేసుకుంటుంది. ఒకటి నాలుగో కోటు చూసి, ఇంకోటి పదకొండో కోటు చూసి. అందుకే ఏ రోగం వచ్చినా దేనికో దానికి సరిపోయే కోటు ఉంటుంది. విచిత్రం ఏంటంటే, చిరుగు కోటుని చింపదు. దాన్ని చూసి అలాంటి గుడ్డే నేసుకుంటుంది. ఇచ్చినవాడి దగ్గర ఏమీ తరగదు."

చెబుతున్నంతసేపూ ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. చెప్పడం అయ్యాక మళ్లీ ఆరిపోయింది. మంచి జీతగాళ్లని చాలామందిని చూసింది గాని, పని మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లని కినుయే ఆ భవనంలో ఎక్కువమందిని చూడలేదు. అదొకటి గుచ్చుకుంది.

"మరి నువ్వు చూసిన ముక్క?"

"పాతిక కోట్లలో ఏ కోటుదీ కాదు. జన్యువు రాతలో అక్షరాలు ఏడు తేడా. పదకొండు పిల్లల్లోనూ అవే ఏడు." గ్లాసు అడుగుకి చూస్తూ అంది. "మురికైతే ఒక్కో గొట్టంలో ఒక్కోలా పడాలి కదండీ. పదకొండింట్లోనూ ఒకేలా ఎలా పడుతుంది? అదే అడిగాను. ఎదురు మాట్లాడకన్నారు."

"పుట్టుకతో ఉన్న కోట్లు ఏవో చూసుకోవచ్చుగా?"

"చూశాను. నెత్తురు చాలు దానికి. ఎర్రకణాలు అతుకులు వేసుకోవు, పుట్టినప్పటి వరస అలాగే ఉంటుంది. ఫ్రీజర్లో సెన్సేయ్ తీసిపెట్టిన అసలు నమూనా ఉంది, అందరం దాంతోనే పోల్చుకుంటాం. అందులో ఆ ముక్క లేదు."

"ఎప్పటిది అది?"

"పటం గీసినప్పటిది. పందొమ్మిదేళ్లయింది."

ఆ భవనంలో చదువుకున్నవాళ్లు ఇరవైమంది ఉన్నారు. మెట్లు దిగితే ఎనభై మూడు కోళ్లున్నాయి. ఒక్క చుక్క తాజా నెత్తురు తీసి చూడాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు. మంద మారదని ఆమె చెప్పింది, వాళ్లు నమ్మారు. ఆమె మాట మీద అంత గురి మరి.

టీ తర్వాత గోళ్లు కత్తిరించడం నేర్పింది. మూడో కోడి దగ్గర హిగాకి కత్తెర కాస్త లోపలికి దిగి నెత్తురు చిమ్మింది. "అయ్యో" అంటూ గాజుగుడ్డ అద్ది నొక్కిపట్టింది. ఆగాక ఆ గుడ్డని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. శుభ్రం తెలిసిన పిల్ల అనుకుంది కినుయే.

బుధవారమూ వచ్చింది. ఆ రోజు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, తమ ఊళ్లో దాణా కంపెనీ ఒకటుందనీ, అందులో ఉద్యోగానికి రాశాననీ చెప్పింది. "కోళ్ల దాణాయే. పూర్తిగా దూరమవ్వనులెండి" అంది.

గురువారం మధ్యాహ్నం భవనం వెనక స్మారకంగా నిలిపిన రాతి దగ్గర ఏటా జరిగే తంతు జరిగింది. ప్రయోగాల్లో చచ్చిపోయిన ప్రాణులకి దండం పెట్టుకునే రోజు. నల్లకోట్లు వేసుకుని అందరూ వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ తెల్ల చామంతి రాతి ముందు పెట్టి, వంగి, పక్కకి జరగాలి. పువ్వులు చేతులు మార్చుకుంటూ వరస వెంట వస్తున్నాయి. కినుయేకి పువ్వు అందించింది హిగాకి. అందిస్తూ ఆమె మొహంలోకి మామూలు కంటే కాస్త ఎక్కువసేపు చూసింది. కినుయే కళ్లు దించుకుంది.

"మీ ప్రాణాలు మాకు జ్ఞానమయ్యాయి" అని చదివాడు ప్రొఫెసర్. ఏటా చదివేదే. ఏటా వింటూ కినుయే లోపల్లోపల గర్వపడేది. ఈసారి ఆ గర్వం రాలేదు. ఆ పదకొండు పిల్లల్నీ పుట్టించింది, పెంచింది, చంపింది తనే. వాటివల్ల తెలిసిన జ్ఞానాన్ని సంచిలో వేసి పారేశారు. మరి అవి ఎందుకు చచ్చినట్టు?

అందరూ వెళ్లిపోయాక ఆమె ప్రొఫెసర్ వెనకే నడిచింది.

"సెన్సేయ్, మీతో ఒక మాట. ఆ వేసవిలో, పండగ సెలవులప్పుడు ఫ్యాను ఆగిపోయి..."

ఆయన టక్కున ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఇసోగాయ్ గారూ, నిషిగోరి గారు వచ్చేది సోమవారం. కోళ్లు ఆవిడతో వెళ్లిపోతాయి. మంచి చోటు, మంచి దాణా. మీరు, నేను పెంచిన మంద మన తర్వాత కూడా ఉంటుంది. ఏదైనా చెప్పదలిస్తే మంగళవారం చెప్పండి. తప్పకుండా వింటాను."

"హిగాకి..."

"చిన్నది. ఎక్కడైనా బతుకుతుంది."

ఆయన నడుచుకుంటూ వెళ్లిపోయాడు. భుజాలు జారిపోయిన ఆ ముసలి నడకని చూస్తే కినుయేకి కోపం రాలేదు. తనలాంటి మనిషే అనిపించింది. అలా అనిపించడమే బాగాలేదు.

శుక్రవారం ఆమె ఏమీ చెయ్యలేదు. చెయ్యకపోవడం ఎంత పనో ఆ రోజు తెలిసింది. చీటీలు సర్దింది. ప్రతి పంజరం దగ్గరా ఆగింది. నాలుగో వరసలో ఒక పెట్ట ఆమె అడుగుల చప్పుడు విని మెడ బయటికి పెట్టి, గొంతులో గురగురమంది. ఒక్క అబద్ధం ఇంకో మూడు రోజులు మోస్తే ఇవన్నీ బతుకుతాయి. మోయలేనిదా? తొమ్మిదేళ్లు మోసిందే! హిగాకి ఆ రోజు కిందికి రాలేదు. పత్రం రాస్తూ ఉంటుంది, ఒక్కో అక్షరం గుండ్రంగా, తప్పు లేకుండా. రాసి, సంతకానికి బదులు పేరు పక్కన ఎర్రముద్ర నొక్కుతుంది. ఆ ముద్ర ఇక చెరగదు.

శనివారం పొద్దున్న పదింటికి కినుయే నాలుగో వరసలోని ఆ పెట్టని చంకలో పెట్టుకుంది. రెక్క కింద ఈకలు తడిచేసి పక్కకి తోసి, నీలంగా కనబడ్డ నరంలోకి సూది పెట్టింది. గొట్టంలోకి నెత్తురు ఎక్కింది. దాన్ని బుడ్డిలోకి వంచి, మూత పెట్టి, స్నానాల గది ముందునుంచే, పని కోటుతో, బూట్లతో మూడో అంతస్తు మెట్లెక్కింది. నున్నటి నేల మీద అడుగడుక్కీ సున్నపు ముద్రలు పడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె ఆ నియమం తప్పడం అదే మొదలు.

హిగాకి ఒక్కతే బల్ల ఖాళీ చేసుకుంటోంది. బూట్లని చూసి నిర్ఘాంతపోయింది.

"ఇసోగాయ్ గారూ, ఇలా వస్తే..."

"ఇది తీసుకో. తాజా నెత్తురు. దీంట్లో నీ ముక్క ఉంటుంది." ఆగితే మళ్లీ చెప్పలేనన్న భయంతో గబగబా అనేసింది. "తొమ్మిదేళ్ల కిందట ఎండలకి మన పుంజులన్నీ చచ్చిపోయాయి. పండగ సెలవులు, షెడ్డులో పుంజులున్న వైపు ఫ్యాను ఆగిపోయింది, ఎవరూ లేరు. పెట్టలే మిగిలాయి. వంశం అక్కడితో ఆఖరు. కొండవెనక ఫారం నుంచి తెల్ల పుంజుని గంపలో తెచ్చాను. మన వాటిలాగే ఉంది, తేడా ఎవరికి తెలుస్తుంది? నా చేత్తోనే దాని విత్తనం తీసి, పెట్టలకి పెట్టాను. చీటీలో మాత్రం మన ఏడో నంబరు పుంజు కోలుకుందని రాశాను. నీ చేతులు మురికివి కావు. నావి."

హిగాకి ఆ బుడ్డిని అందుకోలేదు. కుర్చీ జరిపి కూర్చుంది. కాసేపటికి సొరుగు తీసి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. దాని నిండా అక్షరాల వరసలు. ఒకచోట ఏడు అక్షరాల కింద పెన్సిలు గీతలు.

"నాకు తెలుసండీ" అంది మెల్లగా. "పద్నాలుగో కోటు. మన పటంలోది కాదు, దాని వేరే రకం. గురువారం పొద్దున్నే తెలిసింది."

"ఎలా?"

"గోరు తెగిన కోడి నెత్తురు. గుడ్డ జేబులో పెట్టుకున్నాను."

గురువారం. అంటే రాతి దగ్గర పువ్వు అందించేటప్పటికే తెలుసు.

"తెలిసీ ఊరుకున్నావా? పత్రం ఇచ్చేశావా?"

"నిన్న సాయంత్రం ఇచ్చేశాను."

"నీకేమైనా పిచ్చా?"

"సెన్సేయ్ ముందుకెళ్లి ఇసోగాయ్ గారు అబద్ధమాడారని ఎలా చెప్పను?" ఆ పిల్ల గొంతు మొదటిసారి పైకి లేచింది. "చెబితే సోమవారం కోళ్లు వెళ్లవు. తర్వాత వాటి గతేమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు. నా డిగ్రీ కోసం ఎనభై మూడు ప్రాణాలు. ఎటూ తేల్చుకోలేకపోయాను. మీరు వస్తే చూద్దాం, రాకపోతే మా ఊరెళ్లిపోదాం అనుకున్నాను. గురువారం వస్తారనుకున్నాను. నిన్న కూడా అనుకున్నాను." కళ్లు తుడుచుకుంది. "ఇవాళ ఇక రారనుకుని సర్దేస్తున్నాను."

కినుయే ఇన్నాళ్లూ తన రహస్యం తను మోస్తున్నాననుకుంది. ఈ మూడు రోజులూ దాన్ని మోసింది ఈ పిల్ల. మొదటిరోజు అంత కిందికి వంగిన ఆ నడుం గుర్తొచ్చి, కినుయే ఆ సున్నపు బూట్లతోనే, ఆ నున్నటి నేల మీదే మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకి ఆనించింది. హిగాకి ఏడుస్తూ ఆమె భుజాలు పట్టుకుని లేపబోయింది. ఆమె చాలాసేపు లేవలేదు.

సోమవారం నిషిగోరి గారు కారు దిగి, షెడ్డు ముందు బూట్లు మార్చుకుంటుండగానే కినుయే చెప్పేసింది. ఆవిడ ఇంకా ఏ ప్రశ్నా అడగలేదు. పక్కన ప్రొఫెసర్ ఉన్నాడు, ఆయన వెనక హిగాకి ఉంది. ఏ ఏడాది, ఏ నెల, ఏ ఫారం, ఎన్ని పెట్టలకి, పద్నాలుగో గడిలో హిగాకి కనిపెట్టిన తేడాతో సహా అంతా చెప్పింది. కాగితాలు చేతిలో పెట్టింది. నిషిగోరి గారు మంచి మనిషి, సగం తొడిగిన బూటుతోనే నిలబడి చివరిదాకా వింది.

"క్షమించాలి. ఇలాగైతే మేం తీసుకోలేం" అంది.

"అవునండీ" అంది కినుయే.

ప్రొఫెసర్ అప్పటిదాకా సముద్రం వైపు చూస్తున్నాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన రాసిన ప్రతి వ్యాసానికీ ఇప్పుడు దిద్దుబాటు ఉత్తరాలు రాయాలి. అచ్చువేసిన ప్రతి పత్రికకీ పేరుపేరునా. రిటైరయ్యే ముందు చేసే పని అది.

"ఇసోగాయ్ గారు గురువారం నాతో చెప్పబోయారు. నేనే ఆపాను" అన్నాడు, నిషిగోరి గారితోనే, కాని హిగాకికి వినబడేలా. తర్వాత కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసి రెండు చేతులతో హిగాకికి అందించాడు. ఆమె రాసిచ్చిన పత్రం అది. "సిద్ధాంతగ్రంథం పట్టుకురా. పద్నాలుగో గడి గురించి ఒక అధ్యాయం చేర్చు. ఆలస్యం చెయ్యకు."

ఆయన తల వంచాడు. ఎక్కువ వంచలేదు. అంతకంటే వంచడం ఆ వయసులో ఆయనకి రాదు.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఆఖరి మేత కినుయే ఎప్పటికంటే ఎక్కువే పోసింది. షెడ్డు మధ్యలో మూతపెట్టె, దానికి గ్యాస్ గొట్టం. కినుయే ఒక్కొక్క కోడినీ పంజరంలోంచి తీసి, అరచెయ్యి రొమ్ము కింద పెట్టి, ఒంటికి ఆనించుకుని తెస్తోంది. హిగాకి రెక్క నంబరు చదివి రాసుకుని, ఒక చుక్క నెత్తురు తీసుకుంటోంది. ప్రతి కోడి జన్యువు వరసా చదువుతాననీ, ఒక్కదాన్ని కూడా వదలననీ పట్టుబట్టి ఆ పిల్ల ఈ పని తీసుకుంది. ఎనిమిదిన్నరకి గుమ్మం దగ్గర సున్నపు పళ్లెంలో ఎవరో బూట్లు ముంచుతున్న చప్పుడైంది. ప్రొఫెసర్. తలగుడ్డ వంకరగా కట్టుకున్నాడు. వచ్చి పెట్టె మూత పట్టుకుని నిలబడ్డాడు. పదేళ్లుగా ఆయన ఈ గుమ్మం తొక్కలేదు.

పంజరాలు ఒక్కోటీ ఖాళీ అవుతుంటే షెడ్డులో చప్పుడు తగ్గిపోతూ వచ్చింది. కోళ్ల షెడ్డు నిశ్శబ్దంగా ఉండగా కినుయే ఎప్పుడూ వినలేదు. ఇంకో కోడిని తీసింది. చేతులు మాత్రం తమకి తెలిసిన పని తాము చేసుకుపోయాయి.

నాలుగో వరస దగ్గర, ఆ మెడ చాచే పెట్టని ఎత్తినప్పుడు కింద గడ్డిలో గుడ్లు రెండు కనబడ్డాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ గూట్లో పుంజు కూడా ఉండేది, విత్తనం పడిన గుడ్లే. ప్రొఫెసర్ పెట్టె వైపు తిరిగి ఉన్నాడు. పెట్ట ఎడమ చంకలో ఉంది. ఆమె కుడిచెయ్యి ఎవరూ చెప్పకుండానే గుడ్లని తీసి కోటు జేబులో వేసుకుంది. ఇరవై ఒక్క రోజుల పని. ఇంట్లో ఒక దీపం, ఒక పెట్టె చాలు. ఒక్క పిల్ల బతికినా చాలు.

తలెత్తేసరికి హిగాకి చూస్తోంది.

ఆ అమ్మాయి పెన్సిలు పలక మీద పెట్టి, మెల్లగా గోడవైపు తిరిగి, అక్కడ చూడ్డానికి ఏదో ఉన్నట్టు నిలబడింది. మొన్న మూడు రోజులు ఎలా ఊరుకుందో అలాగే. తిరగమంటే తప్ప తిరగదు.

కినుయే పెట్టని పెట్టెలో దించింది. ప్రొఫెసర్ మూత వేశాడు. లోపల ఆ గురగుర కాసేపు వినబడి ఆగిపోయింది. ఆమె జేబులో చెయ్యి పెట్టి గుడ్లని పట్టుకుని నిలబడింది. వేడి అరచేతికి తెలుస్తోంది. తర్వాత గుడ్లతోనే చెయ్యి బయటికి తీసింది.

"ఇటు తిరుగు హిగాకీ" అంది. "రాసుకో. నాలుగో వరస, పదమూడో గూడు. గుడ్లు రెండు."